‘డెట్’లో తిష్ఠ వేసిన సైలెంట్ ‘బి’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘బి’ గారి సముఖానికి,

డి-ఇ-బి-టి (డెట్, అంటే అప్పు) అనే నాలుగక్షరాల కొలువులో మిగతా ముగ్గురూ ఒళ్లు వంచి పనిచేస్తుంటే, మూడో కుర్చీలో తమరు సుమారు ఐదొందల ఏళ్లుగా పెదవి కదపకుండా కూర్చున్నారు. పెళ్లి ఫొటోలో ఎవరి తరఫువారో తెలియని పెద్దమనిషిలాగా! ‘డౌట్‌లో బి సైలెంట్’ అని బళ్లో మాస్టారు చెబుతారు. ఎందుకని అడిగితే ‘ఇంగ్లీషంటే అంతేరా’ అంటారు. అంతే ఏమీ కాదు. తమరు ఏ దారిన లోపలికొచ్చారో లెక్క ఉంది.

లాటిన్‌లో ‘దెబితుం’ అంటే ఇవ్వవలసినది. అది ‘దెబెరె’ అనే క్రియలోంచి వచ్చింది. దాన్ని విడదీస్తే ‘దె’, ‘హబెరె’: ఒకరిది తెచ్చి తన దగ్గర ఉంచుకోవడం. అప్పుకు ఇంత నిజాయితీ గల నిర్వచనం ఏ బ్యాంకు కాగితంలోనూ దొరకదు. ఆ మాట ఫ్రెంచివాళ్ల నోట అరిగీ అరిగీ ‘బి’ని పోగొట్టుకుంది, అలాగే ఇంగ్లండుకు చేరింది. 1400లో పోయిన ఇంగ్లీషు కవి చాసర్ దాన్ని డి-ఇ-టి-టి-ఇ అనే రాశాడు. తమరి ఊసే లేదు, ఎవరికీ లోటూ తెలియలేదు.

డౌట్ సంగతీ ఇంతే. లాటిన్ ‘దుబితారె’ గర్భంలో ఉన్నది ‘దువొ’, అంటే రెండు. మన ‘ద్వి’కి దగ్గరి చుట్టం. మనసు రెండుగా చీలితే సందేహం. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘ద్వైధీభావం’లోనూ ఆ రెండే ఉంది. ఇదీ ఫ్రెంచి దారిన ‘బి’ని వదిలించుకునే వచ్చింది.

తర్వాత 15, 16 శతాబ్దాల్లో చదువుకున్నవాళ్లకు లాటిన్ వంశగౌరవం తలకెక్కింది. పల్లెటూరి మాటలకు వంశవృక్షాలు గీసి, పూర్వీకుల అక్షరాలను వెతికి మరీ రాతలోకి దింపారు. నోటికి మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు. జనం ‘డెట్’ అనే పలికారు, రాతలో తమరు వెలిశారు. ఫ్రెంచివాళ్లకూ ఈ పిచ్చి పట్టింది కానీ తొందరగానే దిగింది. ఇవాళ్టి వాళ్ల ‘దెత్’లోనూ ‘దూత్’లోనూ తమరు లేరు. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండుకు తెచ్చిన అచ్చుయంత్రం మెల్లమెల్లగా స్పెల్లింగులను బిగించేసేసరికి, ఇంగ్లీషులో తమరి కుర్చీ ఖాయమైంది.

తమరిని నోటితో పలికించాలని పట్టుబట్టినవాడూ ఒకడున్నాడు. 1598లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో హొలొఫెర్నీజ్ అనే బడిపంతులు, ‘బి’ మింగేసి డౌట్, డెట్ అనేవాళ్లను చూసి రుసరుసలాడతాడు. నాటకంలో అతను నవ్వులపాలయ్యే పాత్ర. తమరి తరఫు వకీలు ఎవరో గమనించారు కదా.

సరే, వంశగౌరవమే అనుకుందాం. పంచేటప్పుడు సమానంగానైనా పంచారా? రిసీట్, డిసీట్, కన్సీట్ ముగ్గురూ ‘పట్టుకోవడం’ అనే ఒకే లాటిన్ తల్లి బిడ్డలు. ‘పి’ కిరీటం రిసీట్‌కి మాత్రమే దక్కింది, మిగతా ఇద్దరూ బోడితలలతో తిరుగుతున్నారు. (మన రసీదుకి ఈ గొడవతో సంబంధం లేదు. అది పారశీకం, ‘చేరింది’ అని అర్థం.)

ఇంతకన్నా ఘోరం దొంగ దత్తతలు. ఐలాండ్ పుట్టుకతో అచ్చమైన ఇంగ్లీషు మాట, లాటిన్ రక్తం చుక్క కూడా లేదు. లాటిన్ ‘ఇన్సులా’ నుంచి వచ్చిన ఐల్ (అదీ దీవే) పక్కన నిలబడిందన్న పాపానికి దానికీ ‘ఎస్’ తగిలించారు. సిజర్స్‌ది మరో రకం గందరగోళం. అది ‘కోత’ కుటుంబానికి చెందిన ‘సిసోరియా’ బిడ్డ. ‘చీల్చడం’ కుటుంబంలోని ‘సిందెరె’ పిల్ల అనుకొని నడుమ ‘సి’ దూర్చారు. కోతకొచ్చే పొడుగు కొడవలి సైద్‌కైతే లాటిన్‌తో ఏ పేచీ లేదు, అయినా అదే ‘సి’ శిక్ష. అడ్మిరల్ అరబ్బుల ‘అమీర్’. లాటిన్‌లో మెచ్చుకోలుకున్న మాట గుర్తొచ్చి మధ్యలో ‘డి’ కుక్కారు. ఇన్ని తప్పుడు ధ్రువపత్రాలు రాసిన ఆఫీసు నుంచే తమరి నియామకపు ఉత్తర్వూ వెలువడిందని మనవి.

స్పెల్లింగు నేర్చుకునేవాళ్లకు తమరి కుటుంబంతో ఒక్క ఉపకారం ఉందని ఒప్పుకుంటాం. పలకని అక్షరం గుర్తుండకపోతే, అదే ఇంట్లో నోరున్న చుట్టాన్ని పిలవాలి. డెట్‌కి డెబిట్. ఫోనుకొచ్చే బ్యాంకు మెసేజీలో తమరు గట్టిగానే వినబడతారు. డౌట్‌కి డ్యూబియస్, రిసీట్‌కి రిసెప్షన్, సైన్‌కి సిగ్నేచర్. అమెరికా స్పెల్లింగ్ బీ పోటీలో (అది తమరి పేరు మీద పెట్టింది కాదు, ఉబ్బిపోకండి) మన పిల్లలు మైకు ముందు నిలబడి ‘ఏ భాష నుంచి వచ్చింది?’ అని అడిగేది ఈ చుట్టరికం పట్టుకోవడానికే.

ఈ చిట్కా బోల్తా కొట్టే చోట్లూ ఉన్నాయి. ఐలాండ్‌కి ఇన్సులర్‌ని పిలిస్తే ‘ఎస్’ పలుకుతుంది, స్పెల్లింగు కుదురుతుంది, చుట్టరికం మాత్రం అబద్ధం. సామన్ చేపలో నోరెత్తని ‘ఎల్’ కోసం సాల్మొనెల్లాని సాక్ష్యానికి పిలవకూడదు. ఆ సూక్ష్మజీవికి పేరు డేనియల్ సాల్మన్ అనే పశువైద్యుడి నుంచి వచ్చింది. ఇక ల్యాంబ్, థంబ్‌ల చివర ‘ఎమ్’ పక్కన కూర్చున్న మీ పేరుగలవాళ్లది వేరే కేసు. ల్యాంబ్‌లో ఒకప్పుడు నిజంగా పలికి తర్వాత మూగబోయారు. థంబ్‌లో లాటిన్ సిఫారసు లేకుండానే దూరారు. లాటిన్ చిట్కా వాళ్ల దగ్గర చెల్లదు.

పనిలోకి దిగిన బుద్ధిమంతులనూ చూడండి. చాసర్ కాలంలో ‘పర్ఫిట్’గా ఉన్నదానికి ‘సి’ని తగిలిస్తే, అది రాతలోంచి నోట్లోకి దిగి పర్ఫెక్ట్ అయింది. వెర్డిక్ట్‌లోనూ అంతే. ఫాల్ట్‌లో ‘ఎల్’ని 18వ శతాబ్దంలో కూడా కొందరు పలికేవారు కాదు, ఇప్పుడది మానకుండా డ్యూటీ చేస్తోంది. తమరికి రెండే దారులు: ఫాల్ట్‌లాగా నోరు విప్పడం, ఫ్రెంచి ‘బి’లాగా మర్యాదగా లేచిపోవడం.

ఇట్లు,
స్పెల్లింగులు దిద్దేవాళ్లు

తా.క. తమరి తమ్ముడొకడు ప్లంబర్‌లో ఉన్నాడు. లాటిన్‌లో ‘ప్లుంబుం’ అంటే సీసం. పాత గొట్టాలు సీసంవి. కెమిస్ట్రీ పుస్తకంలో సీసానికి ‘పీబీ’ అని గుర్తు పెట్టిందీ అందుకే. ఇంగ్లీషువాళ్లు రాసి మింగేసి ‘ప్లమర్’ అంటారు. మేం ఆ మాటను బోర్డు మీద చదివి నేర్చుకున్నాం, కనుక ఇక్కడ ఆయన నిండుగా పలుకుతున్నాడు. డౌటు మాత్రం చెవితో నేర్చుకున్నాం. అందులో తమరికి బ వత్తు కూడా ఇవ్వలేదు.