ప్యాంటు బెల్టు గారికి బహిరంగ లేఖ

అయ్యా బెల్టు గారూ,

పదేళ్లుగా అదే రంధ్రంలో నిలబడ్డ మీ నిలకడకు ముందుగా దండాలు. యజమాని గారు ఇప్పటికీ "నాది 34 నడుమే" అని చెప్పుకోగలుగుతున్నారంటే ఆ పుణ్యం మీదే. పొట్ట ముందుకొచ్చిన కొద్దీ మీరు మర్యాదగా కిందికి జారారు. తగువెందుకని తప్పుకోవడం పెద్దమనిషి లక్షణమే. కాకపోతే మీరిప్పుడు కొలుస్తున్నది నడుమును కాదు, తుంటిని.

మీకు పడని దర్జీ టేపు ఒకటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో దాన్ని చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. పొట్ట బిగబట్టి చూసుకునేట్టయితే మీరే నయం. వచ్చిన అంకె ఎత్తులో సగం లోపు ఉండాలి. 170 సెంటీమీటర్ల మనిషికి 85 లోపన్నమాట. తూకం యంత్రం ఈ సంగతి చెప్పదు. దానికి కిలోలు తెలుసు గానీ, అవి తొడల్లో ఉన్నాయో పేగుల చుట్టూ ఉన్నాయో తెలియదు.

తొడల్లో కొవ్వు చాలావరకు తన మానాన తాను పడి ఉంటుంది. పేగుల చుట్టూ చేరింది ఊరుకోదు. అది వదిలే కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి వెళ్తాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచడంతో బీపీ ఎక్కుతుంది. పెరిగిన ఒంటికి రక్తమూ ఎక్కువే కావాలి. ఏళ్ల తరబడి ఆ చాకిరీ చేసి గుండెలో ఒంటికి రక్తం పంపే కింది గది, అంటే ఎడమ జఠరిక, గోడ మందమై బిరుసెక్కుతుంది. పిండడం బాగానే ఉంటుంది, సడలి రక్తం నింపుకోవడమే కష్టం. అందుకే గుండెకు తీసే ఎకో స్కానులో పంపింగ్ నార్మల్ అని వచ్చినా కొందరికి మెట్లెక్కితే ఆయాసం తగ్గదు. దాని వెనకున్న పై గది ఎడమ కర్ణిక సాగిపోతే గుండె లయ కూడా తప్పవచ్చు.

అన్నట్టు, చేతికి చుట్టే బీపీ పట్టీ మీ చుట్టమే కదా? లావు చేతికి చిన్న పట్టీ కడితే అది బీపీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టి రావాలి. మీరు ఉన్నది దాస్తారు, అది లేనిది చూపిస్తుంది. భలే వంశం!

యజమాని బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. 90 కిలోల మనిషికది నాలుగున్నర నుంచి 9 కిలోలు. అప్పుడు మీకు లోపలి వైపు కొత్త రంధ్రం పొడిపిస్తాం. అందాకా మీ సాక్ష్యం చెల్లదు.

ఇట్లు,
టేపు పట్టుకు నిలబడ్డవాళ్లు