ట్రిబ్యూట్ ఇచ్చిన కార్డు ఎదుటివాడిది కాదు

వారం రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. "యు-గి-ఓ ఆడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన 7 సమ్మన్ రూల్స్" అని మొదలై, "మీ ఫ్రెండ్స్ అందరికీ పంపండి" అని ముగుస్తుంది. మొదట పంపినవాడికి "ఇది తప్పురా" అని రాసి ఊరుకున్నాను. ఐదోసారి విజయనగరంలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనే పెట్టారు. ఈ కార్డుల ఆట ఆడే పిల్లలందరూ ఆ గ్రూపు చూస్తారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు తేలిగ్గా తేలిపోయేవి చూద్దాం. సమ్మన్ చేసేటప్పుడు, అంటే మాన్‌స్టర్ కార్డుని ఆటలోకి దింపేటప్పుడు, దాని పేరు గట్టిగా అరవాలట, లేకపోతే చెల్లదట. అరవక్కర్లేదు. ఏం పెడుతున్నారో ఎదుటివాడికి తెలిసేలా చెబితే చాలు. స్పెషల్ సమ్మన్ టర్నుకు ఒక్కసారేనట. ఆ హద్దు చేతిలోని కార్డుని మామూలుగా దింపే నార్మల్ సమ్మన్‌ది. స్పెషల్ సమ్మన్ మీ కార్డులు అనుమతించినన్నిసార్లు చేసుకోవచ్చు. ఏదైనా కార్డు మీద "టర్నుకు ఒకసారి" అని రాసి ఉంటే, ఆ కార్డు వరకే ఆ హద్దు.

సమ్మన్ చేసిన మాన్‌స్టర్ ఆ టర్నులో దాడి చేయకూడదన్నది మూడోది. అది మ్యాజిక్ అనే వేరే ఆట రూలు. ఇక్కడ అటాక్ పొజిషన్‌లో దిగిన మాన్‌స్టర్ అదే టర్నులో కొట్టొచ్చు. మొదట ఆడేవాడికి మాత్రం మొదటి టర్నులో బ్యాటిల్ ఫేజ్, అంటే దాడి చేసే దశ, ఉండదు. అది చూసి ఎవరో అన్ని టర్నులకూ అంటగట్టినట్టున్నారు.

నాలుగోది సగం నిజం. "బోర్లా పెట్టడం సమ్మన్ కాదు, కాబట్టి ఒకటి బోర్లా పెట్టాక ఇంకోటి నార్మల్ సమ్మన్ చేయొచ్చు." మొదటి ముక్క కరెక్టే. అందుకే బోర్లా పెట్టిన మాన్‌స్టర్ మీద, సమ్మన్ చేసినవాటిని నాశనం చేసే ట్రాప్ హోల్ కార్డు పనిచేయదు. కానీ టర్నుకు మీకు దొరికేది నార్మల్ సమ్మన్, లేదా సెట్ (బోర్లా పెట్టడం). రెండూ కలిపి ఒక్కటే. బోర్లా ఉన్నదాన్ని తిప్పే ఫ్లిప్ సమ్మన్ ఈ లెక్కలోకి రాదు గానీ, పెట్టిన టర్నులోనే తిప్పడానికి లేదు.

ఐదోదానికి రెండు వాక్యాలు చాలు. స్కేప్‌గోట్ అనే కార్డుతో వచ్చే నాలుగు గొర్రె టోకెన్లని బలిచ్చి బ్లూ-ఐస్ అనే పెద్ద మాన్‌స్టర్‌ని దింపొచ్చు అంటున్నారు. ట్రిబ్యూట్ సమ్మన్‌కి, అంటే ఉన్న మాన్‌స్టర్లని బలిచ్చి పెద్దదాన్ని దింపడానికి, ఆ టోకెన్లు పనికిరావని ఆ కార్డు మీదే అచ్చేసి ఉంది.

నన్ను ఇదంతా రాయించింది ఆరో రూలు. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "లెవెల్ 5, 6కి ఒక ట్రిబ్యూట్, 7 ఆపైన రెండు. ట్రిబ్యూట్ ఇచ్చిన కార్డు ఎదుటివాడి సొంతం. ఆట అయ్యాక తిరిగి అడగకూడదు." మొదటి వాక్యం నిఖార్సైన నిజం. ఆ నిజం పక్కన కూర్చోబట్టే, మిగతా రెండు వాక్యాలనూ పిల్లలు నమ్మేస్తున్నారు.

పైడితల్లి పండక్కి మా అక్కావాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చారు. నిన్న తొలేళ్ల రోజు సాయంత్రం, మేనల్లుడు కింద సెల్లార్లో ఆడుకుని పైకొచ్చాడు. ఆరో తరగతి. డెక్‌కి ఎప్పుడూ బిగుతుగా ఉండే రబ్బరు బ్యాండు వదులుగా వేలాడుతోంది.

"ఏటయిందిరా?" అన్నాను.

"మూడాటల్లోనూ పెద్దవి దింపేను మావయ్యా. ట్రిబ్యూట్లు ఇచ్చీసేను."

"ఇచ్చీసేవా? ఎవరికి?"

"ఆ అన్నకి. రూలంట కదా." వాళ్లమ్మ ఫోన్‌లో ఈ మెసేజే తీసి చూపించాడు.

లెక్కపెట్టాను. 40 కార్డులు 31 అయ్యాయి. 40కి తగ్గితే అది డెక్కే కాదు, ఇక వాడు ఆడలేడు. పోయినవాటిలో సెల్టిక్ గార్డియన్ ఉంది. వాడు కొనుక్కున్న మొదటి కార్డు అది. మూల మడతపడితే పుస్తకాల కింద పెట్టి సాపు చేసి, దానికొక్కదానికే ప్లాస్టిక్ కవరు తొడిగాడు. కవరుతో సహా పోయింది.

ట్రిబ్యూట్ ఇచ్చిన కార్డు వెళ్లేది గ్రేవ్‌యార్డ్‌కి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి. ఎవరి గ్రేవ్‌యార్డ్? కార్డు ఎవరిదైతే వాళ్లది. మాన్‌స్టర్ రీబార్న్ అనే కార్డుతో ఎదుటివాడు మీ గ్రేవ్‌యార్డ్‌లోని మాన్‌స్టర్‌ని లేపి తన వైపు ఆడించుకోవచ్చు. అది నాశనమైతే మళ్లీ మీ గ్రేవ్‌యార్డ్‌కే వస్తుంది. లావా గోలెమ్ అనే మాన్‌స్టర్ ఇంకా ఘోరం. ఎదుటివాడు మీ మాన్‌స్టర్లని రెండింటిని బలిచ్చి, దాన్ని మీ నెత్తినే కూర్చోబెడతాడు. అప్పుడు కూడా మీ రెండూ మీ గ్రేవ్‌యార్డ్‌కే పోతాయి. గోలెమ్ చస్తే వాడిది వాడికి పోతుంది. ఆడించే హక్కు వేరు, సొంతం వేరు. ఆట నడుస్తున్నప్పుడే ఇంత కచ్చితంగా ఉన్న లెక్క, ఆట అయ్యాక జేబులోకి ఎలా మారుతుంది?

ఈ రూలు పుట్టుక నాకు తెలిసినంతలో యు-గి-ఓ కార్టూనే. బ్యాటిల్ సిటీ కథలో ఓడినవాడు తన అరుదైన కార్డు గెలిచినవాడికి ఇచ్చుకోవాలి. అది కథలో పందెం. అక్కడ కూడా పోయేది ఓడినవాడి కార్డు, ట్రిబ్యూట్ ఇచ్చిన కార్డు కాదు. ఈ మెసేజ్ ప్రకారం ఆడితే బ్లూ-ఐస్‌ని పిలిచిన ప్రతిసారీ రెండు కార్డులు పోగొట్టుకోవాలి. మూడు ట్రిబ్యూట్లు అడిగే ఓబెలిస్క్‌ని దింపినవాడు ఇంటికేం పట్టుకెళ్లాలి? రబ్బరు బ్యాండా?

ఈ రూలు దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. పెద్ద పిల్లల డెక్కుల్లో ట్రిబ్యూట్ సమ్మన్ దాదాపు ఉండదు. సింక్రో, ఎక్సీజ్, లింక్ అనే వేరే సమ్మన్ పద్ధతులు ఆడతారు. అక్కడ వాడే కార్డుల్ని మెటీరియల్ అంటారు గానీ ట్రిబ్యూట్ అనరు, కాబట్టి వాళ్ల కార్డులు భద్రం. ట్రిబ్యూట్ తప్ప వేరే దారి లేనిది, చేతికొచ్చిన కార్డులతో డెక్ కట్టుకున్న చిన్నపిల్లలకే. ఇది రూలా, దోపిడీనా? ఫార్వర్డ్ కొట్టేముందు ఒక్క పెద్దమనిషికైనా ఈ ఆలోచన రాలేదా?

ఇక ఏడోది: ఫ్యూజన్, సింక్రో, ఎక్సీజ్ లాంటి ఎక్స్‌ట్రా డెక్ (విడిగా పెట్టుకునే రెండో డెక్) మాన్‌స్టర్లన్నీ ఎక్స్‌ట్రా మాన్‌స్టర్ జోన్‌లోకో, లింక్ కార్డు మీది బాణం చూపించే చోటికో మాత్రమే రావాలన్నది. దీని మీద ఎవర్నీ తప్పుపట్టను. 2017లో సరిగ్గా అదే రూలు. 2020 ఏప్రిల్‌లో మార్చారు. ఇప్పుడు ఆ నిర్బంధం లింక్ మాన్‌స్టర్లకీ, ఎక్స్‌ట్రా డెక్ నుంచి దిగే పెండ్యులమ్ అనే రకం మాన్‌స్టర్లకీ మాత్రమే. మారిందని తెలియక నేనూ చాలాకాలం పాత పద్ధతిలోనే ఆడాను, మేనల్లుడికీ అలాగే నేర్పించాను. నిన్న రాత్రి వాడికి చెప్పి దిద్దుకున్నాను. నా మాట మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో మాస్టర్ డ్యూయల్ అనే ఈ ఆట యాప్ పెట్టుకుని చూడండి. ఊరికే దొరుకుతుంది. రూలు తప్పితే అది కార్డు పెట్టనివ్వదు.

ఆ అబ్బాయి పేరు గ్రూపులో రాయను. వాడూ ఇదే మెసేజ్ చదివి రూలనుకుని ఉండొచ్చు. ఇవాళ సిరిమాను చూసుకుని రేపు పొద్దున్నే అక్కావాళ్లు శ్రీకాకుళం బస్సెక్కుతారు. ఆలోపు తొమ్మిది కార్డులూ మా ఇంట్లో ఇచ్చేయమనండి. సెల్టిక్ గార్డియన్ కవరుతో సహా.