మన సంఘానికి సొంత సర్వరు ఎందుకు కావాలంటే

ఈసారి సర్వసభ్య సమావేశంలో నేనొక ప్రతిపాదన పెట్టబోతున్నాను. బెంగళూరులోని మన తెలుగు సంఘం కబుర్లు, ఫోటోలు, పద్య సభల రికార్డింగులు మన పేరు మీద తీసుకున్న అద్దె సర్వరులో, అంటే ఎప్పుడూ నెట్‌కు కలిసి ఉండే కంప్యూటరులో ఉండాలని. సమావేశంలో ఒక్కొక్కరికీ దొరికేది రెండు నిమిషాలు. ఆ కాస్తలో ఇదంతా చెప్పడం కుదరదు కాబట్టి ముందే పత్రికలో రాస్తున్నాను.

"అంతంత పెద్ద కంపెనీలు ఉచితంగా ఇస్తుంటే, మూడొందల కుటుంబాల సంఘానికి ఈ తలనొప్పి దేనికండీ?" అని కార్యవర్గంలోనే ఒకరు అడిగారు. మూడొందల కుటుంబాలే కాబట్టి ఇది మనవల్ల అవుతుందన్నది నా జవాబు. ఎవరి సర్వరు వారు నడుపుకుంటూ, అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటునే వికేంద్రీకృత ఇంటర్నెట్ అంటున్నారు. అది ఎక్కడ నిలదొక్కుకున్నా మనలాంటి చిన్న సమూహాల చేతుల్లోనే నిలదొక్కుకుంది. కోట్లమంది ఉన్నచోట ఒక్కరు బయటికి వస్తే మాట్లాడటానికి మనిషి దొరకడు. అదే మూడొందల కుటుంబాలు కలిసి కదిలితే, మనం పలకరించాలనుకునేవాళ్ళంతా మొదటి రోజే అక్కడ ఉంటారు.

తెలుగువాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. 1990లలో అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు కలుసుకున్న చోటు యూజ్‌నెట్‌లోని తెలుగు న్యూస్‌గ్రూపు, అంటే కంప్యూటర్ల మీద నడిచే చర్చావేదిక. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులకు పుట్టిన ఆలోచన అది. ఒక యూనివర్సిటీ కంప్యూటర్లో రాసిన మాట పక్కదానికి, అక్కణ్ణుంచి ఇంకోదానికి నకలవుతూ పోయేది. తెర మీద తెలుగు అక్షరం కనబడటమే గగనమైన ఆ రోజుల్లో, రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాంతోనే అక్కడ ఛందస్సు గురించి వాదించుకున్నారు, వంటల గురించి రాసుకున్నారు, తిట్టుకున్నారు కూడా. తర్వాత 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, ఆ పైన ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖిని, కూడలి వచ్చాయి. బ్లాగుల రోజుల్లో ఎవరి బ్లాగు వారిది, అన్నిటినీ ఒకచోట చూపించేది కూడలి. ఈ పనులు చేసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇవాళ మనం యూనికోడ్‌లో ఇంత తేలిగ్గా తెలుగు రాస్తున్నామంటే ఆ కొద్దిమంది పట్టుదలకు అందులో పెద్ద వాటా ఉంది.

తర్వాత అందరం పెద్ద వేదికలకు వెళ్ళిపోయాం. అక్కడ మనుషులు ఎక్కువ, శ్రమ తక్కువ. కానీ అవి మనవి కావు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో. తెలుగు సాహిత్య చర్చలు ఎన్ని వాటిలో పోయాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇవన్నీ విదేశీ కంపెనీలు, మనదైతే అలా జరగదు అనేవాళ్ళకు ట్విటర్ లాంటి 'కూ' అనే వేదిక కథ గుర్తు చేస్తాను. అది మన బెంగళూరులోనే 2020లో పుట్టింది. కన్నడం, తెలుగు, ఇతర భారతీయ భాషలకు పెద్దపీట వేసింది. పెట్టుబడి కష్టాలు వచ్చి 2024 జూలైలో మూసేశారు. ఆ కంపెనీని నేను తప్పుపట్టడం లేదు, వాళ్ళు నిజాయితీగానే ప్రయత్నించారు. కానీ తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉన్నప్పుడు, ఆ ఒక్కరికి కష్టం వస్తే అందరూ బజార్న పడతారు.

మరి వికేంద్రీకృత వేదికలు మాత్రం నిలబడ్డాయా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసినప్పుడు మన దేశం నుంచి చాలామంది, ట్విటర్ లాంటిదే అయినా ఎవరి సర్వరు వారు నడుపుకునే మాస్టొడాన్‌లో చేరారు. ఎక్కువమంది కొన్నాళ్ళకే వెనక్కి వచ్చేశారు. సాంకేతికతలో పెద్ద లోపమేమీ లేదు. మాస్టొడాన్ అప్పటికి మూడేళ్ళుగా నడుస్తోంది, దాని సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ అనే ఒడంబడికను, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2018 జనవరిలోనే ప్రమాణంగా ఆమోదించింది. వెళ్ళినవాళ్ళు కోపంతో, ఎవరికి వారుగా వెళ్ళారు. అక్కడ పలకరించే నాథుడు లేక తిరిగొచ్చారు. నాకు అర్థమైనంతలో కారణం అదే.

అవసరం ఉండి, ముందే ఒకరినొకరు ఎరిగిన మనుషులు కదిలితే ఫలితం వేరుగా ఉంటుంది. స్పెయిన్‌లోని కాటలోనియాలో టెలికాం కంపెనీలు సరిగ్గా పట్టించుకోని పల్లెల వాళ్ళు 2004లో గీఫీ.నెట్ పేరుతో సొంత నెట్‌వర్కు మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో ముప్పై వేలకు పైగా నోడ్లు, అంటే కలిసి ఉన్న కేంద్రాలు ఉన్నాయి. అంత దూరం ఎందుకు, మన పక్కనే తుమకూరు జిల్లా దేవరాయనదుర్గ దగ్గర జనస్తు అనే సంస్థ పల్లెవాళ్ళతో కలిసి సొంత వైఫై మెష్, అంటే ఒకదానికొకటి అందించుకునే వైఫై పెట్టెల అల్లిక ఏర్పాటు చేసింది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మన ఊరి ఆటోవాళ్ళు. 2022 నవంబరులో ఇక్కడి ఆటో రిక్షా డ్రైవర్స్ యూనియన్ జస్‌పే కంపెనీతో కలిసి ఆటో పిలుచుకునే నమ్మ యాత్రి యాప్ తెచ్చింది. అది బెకన్ అనే బహిరంగ ప్రోటోకాల్ (ఎవరైనా వాడుకోగల ఒడంబడిక) మీద నడుస్తుంది, దాని కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు. సవారీకింత అని కమిషన్ లేదు. తర్వాత రోజుకు పాతిక రూపాయల చందా పెట్టారు. యాప్ నడిపేది ఒక సంస్థే కాబట్టి ఇది సంపూర్ణ వికేంద్రీకరణ కాదనేవాళ్ళు ఉన్నారు. నిజమే. అయినా ఒక కార్మిక సంఘం వెనక నిలబడి బహిరంగ ప్రోటోకాల్‌ను నగరం మొత్తానికీ అలవాటు చేయడం చిన్న సంగతి కాదు.

మన హాలు దగ్గరి స్టాండులో మదనపల్లె వైపు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. మొదట్లో సవారీలు ఎలా దొరికాయని అడిగాను. "స్టాండులో ఉండేవాళ్ళమంతా ఒకే దినం యాప్ ఎక్కించుకుంటిమి సార్. ఒకడే ఎక్కించుకుంటే వాడికి బాడుగ వచ్చినా రాకున్నా ఎవురికీ తెలీదు. అందరికీ ఉంటే, ఒకడు పోకపోయినా ఇంకొకడు పోతాడు, జనానికి నమ్మకం కుదురుతాది" అన్నాడు. నేను సమావేశంలో చెప్పాలనుకుంటున్నది ఇంతకన్నా బాగా చెప్పలేను.

మన పద్య బృందం ఇప్పటికే ఒక చిన్న ప్రయోగం చేసింది. ఎలిమెంట్ అనే యాప్ పెట్టుకుని, వేర్వేరు సర్వర్ల వాళ్ళు కలిసి కబుర్లాడుకునే మ్యాట్రిక్స్ పద్ధతిలో నడిచే గది ఒకటి తెరిచాం. 2014లో మొదలైన ఈ మ్యాట్రిక్స్‌ను ఫ్రాన్సు ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం వాడుతోంది. మాకు యాప్ ఎక్కించుకోవడం కష్టం కాలేదు, తంటా అంతా రికవరీ కీ దగ్గరే వచ్చింది. అర్థంపర్థం లేని అక్షరాల వరుస అది. కొత్త ఫోనుకు మారినప్పుడు అది చేతిలో లేకపోతే పాత సందేశాలు తెరుచుకోకపోవచ్చు. బ్యాంకులో రిటైరైన మా మాస్టారు దాన్ని పంచాంగం వెనక అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు, కిందినుంచి పైకి మళ్ళీ సరిచూసుకున్నారు. "ఇందులో మనం మాట్లాడేది ఎవరు చూస్తారమ్మా?" అని సాయం చేస్తున్న అమ్మాయిని అడిగారు. "గదిలో ఉన్న మనవాళ్ళే అంకుల్, ఇంకెవరూ చూడరు" అంది ఆ అమ్మాయి. "అయితే నా రాగం కుదరకపోయినా ఫర్వాలేదన్నమాట" అని ఆ సాయంత్రమే గజేంద్రమోక్షంలోంచి రెండు పద్యాలు పాడి పెట్టారు. పెద్దవాళ్ళకు కొత్తది చేతకాదని మనమే అనుకుంటాం. పద్యం ఎక్కడుంటే వాళ్ళు అక్కడికి వస్తారు.

ఇంకో మేలు ఉంది. మ్యాట్రిక్స్‌లో ఒక గదిలో రెండు మూడు ఊళ్ళ సర్వర్ల వాళ్ళు ఉంటే, ఆ గదిలోని మాటల చరిత్ర అన్ని సర్వర్లలోనూ ఉంటుంది. రేపు హోసూరు వాళ్ళో, చెన్నై వాళ్ళో తమ సర్వరు పెట్టుకుంటే ఒకే గదిలో కూర్చోవచ్చు. మన సర్వరు ఆగిపోయినా వాళ్ళ మధ్య సంభాషణ ఆగదు. ఎవరూ ఎవరి కింద చేరక్కర్లేదు. మన తెలుగు సంఘాల స్వభావం తెలిసినవాళ్ళకు ఇదెంత సుఖమో వేరే చెప్పాలా?

మన గదుల్లో రాజధాని గురించో, హీరోల గురించో గొడవ వస్తే ఎవరు తీర్చాలి? మన కార్యవర్గమే తీర్చాలి. ఇద్దరినీ ఎరిగినవాళ్ళు, ఇద్దరి ఇళ్ళలో భోంచేసినవాళ్ళు చెబితే వినే అవకాశం ఎక్కువ.

ఖర్చు పెద్ద విషయం కాదు. చిన్న సర్వరు అద్దె నెలకు వెయ్యి రూపాయల లోపే, సంక్రాంతి సంబరాల షామియానా బిల్లుతో పోలిస్తే ఏమూలకీ రాదు. నన్ను కలవరపెట్టేది మనుషుల సంగతి. ఇలాంటి ఏర్పాట్లు చాలా చోట్ల ఒకే కారణంతో చచ్చిపోతాయి. ఉత్సాహవంతుడైన ఒక కుర్రాడు అంతా తన పేరు మీద, తన కార్డు మీద పెడతాడు. అతనికి పూణేలోనో, డాలస్‌లోనో ఉద్యోగం వస్తుంది. డొమైన్, అంటే సర్వరు పేరు గడువు తీరిపోతుంది, గుర్తుచేసే మెయిలు అతను చూడటం మానేసిన చిరునామాకు పోతుంది. కాబట్టి డొమైన్ సంఘం పేరు మీదే ఉండాలి, డబ్బు సంఘం ఖాతాలోంచే పోవాలి. పాస్‌వర్డులు కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో కోశాధికారి దగ్గర ఉండాలి. చూసుకునేవాళ్ళు కనీసం ఇద్దరు ఉండాలి, ప్రతి రెండేళ్ళకు ఒకరు మారాలి. బ్యాకప్ తీస్తున్నామంటే చాలదు, ఏడాదికి ఒకసారి దాన్ని వేరే యంత్రం మీద తెరిచి కార్యవర్గానికి చూపించాలి. ఇవి నియమావళిలో చేరకుండా సర్వరు పెట్టవద్దని నేనే ఓటు వేస్తాను.

అన్నీ ఒకేసారి తరలించమని కూడా అనను. ముందు పద్య బృందం గది, ఉగాది తర్వాత పాత ఫోటోలు. సభ్యుల ఫోన్ నంబర్లు, చిరునామాల జాబితా మాత్రం రెండో ఏడాది వరకూ అందులో పెట్టకూడదు. అది పొరపాటున బయటపడితే ఇబ్బంది పడేది మూడొందల కుటుంబాలు, కాబట్టి బ్యాకప్ పరీక్ష రెండుసార్లు సవ్యంగా జరిగాకే దాని గురించి మాట్లాడదాం. సర్వర్లు నడపడానికి వాడే లినక్సు తెలిసినవాళ్ళు మన ఐటీ ఉద్యోగుల్లో చాలామందే ఉన్నారు. ఇద్దరు పేర్లు ఇస్తే సమావేశం నాటికి డొమైన్ దరఖాస్తు కార్యదర్శి గారి సంతకానికి సిద్ధం చేస్తాను.