నీలి టార్పాలిన్ గారికి, ఫైరింజను తరఫున

మహారాజశ్రీ నీలి టార్పాలిన్ గారికి,

మీ తాళ్ళు కట్టేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమం. మనిద్దరి మధ్యా ఉన్న బండి సంగతి మాత్రం అడక్కండి.

మీరు మా దగ్గరికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సాయంత్రం మబ్బు పట్టింది. బండికి ఆఖరి పాలిష్ అప్పుడే అయింది. "రెండు రాత్రులకే కదా, పైన ఏదో ఒకటి కప్పేద్దాం" అన్నారెవరో. ఆ ఏదో ఒకటి మీరు. నాలుగేళ్ళయింది. ఆ రెండు రాత్రులు ఇంకా తెల్లారలేదు.

ఇంతకాలంగా మీరు ఎవరి మీద పడుకున్నారో మీకు తెలుసో లేదో. అది 1950ల నాటి ఫైరింజను. తూకానికి పోవలసిన దాన్ని మేం ఆరుగురం కలిసి తెచ్చుకున్నాం. అద్దెకు తీసుకున్న వర్క్‌షాపులో తొమ్మిదేళ్ళు పనిచేశాం. శని, ఆదివారాలన్నీ దానికే పోయాయి. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, పుట్టీ పెట్టి, రుద్ది, మళ్ళీ రుద్ది, ఎర్ర రంగు పొర మీద పొర వేశాం. పంపు అతుకుల్లో నీరు కారకుండా పెట్టే గాస్కెట్లు దొరక్కపోతే చేత్తో కోసుకున్నాం. తలుపు మీది అక్షరాలకు అసలు బంగారు రేకే అతికించాం. ఆ రేకు ఎంత పల్చనంటే, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. అందుకని ఫ్యాను ఆపేసి, మాటలు ఆపేసి, ఒక్కో అక్షరానికి ఒక పూట ఖర్చు పెట్టాం. ఆ రోజుల్లో మా వాళ్ళెవరికైనా తుమ్ము వస్తే బయటికి పరిగెత్తేవాళ్ళు.

ఇంత చేసినవాళ్ళం, అయ్యాక దీన్ని ఎక్కడ పెడతాం అని తొమ్మిదేళ్ళలో ఒక్కరం కూడా అడగలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఫైరింజను దాచి చూడు అని ఎవరూ అనలేదు మరి. పని అయిపోగానే వర్క్‌షాపు ఆయన "అభినందనలు, ఇక ఖాళీ చేయండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు. బండిని ఆరుబయట పెట్టాం, మిమ్మల్ని పిలిచాం.

ఇక అసలు విషయానికొస్తాను. పోయిన వారం పొద్దున్నే వచ్చి మీ మూల ఒకటి ఎత్తి చూశాను. రాత్రి వాన లేదు. బయట నేల పొడిగా ఉంది. మీ లోపలి వైపు మాత్రం వరసగా నీటి బొట్లు వేలాడుతున్నాయి, దండెం మీద ఆరేసినట్టు. నేను చూస్తుండగానే ఒకటి జారి బంపర్ మీద పడింది. క్రోమ్ మీద అది పడ్డచోట గోధుమరంగు చుక్క ఒకటి అప్పటికే ఉంది. అంటే రోజూ అదే బొట్టు, అదే చోట.

మీ పద్ధతి నాకు ఆలస్యంగా అర్థమైంది. పగలు మీరు ఎండకి వేడెక్కుతారు, కింద నేలలోని తడి ఆవిరై పైకి లేస్తుంది. బయటికి పోదామంటే మీరు పోనివ్వరు. రాత్రి మీరు చల్లబడగానే ఆ ఆవిరే మీ కడుపులో నీరై మళ్ళీ బండి మీద కురుస్తుంది. బయటి వాన ఏడాదికి కొన్నాళ్ళే. మీ వాన రోజూ. కంచే చేను మేసిందంటే ఏమిటో అనుకునేవాణ్ణి, మీ కింద దూరి చూశాక తెలిసింది.

గాలి వీచినప్పుడు మీరు చేసే పని ఇంకొకటి. ఊగుతారు. మీ అంచుకి ఉన్న ఇత్తడి రింగు ఎడమ తలుపు మీద సరిగ్గా మూడో అక్షరాన్ని రుద్దుతుంది. దుమ్ముతో కలిసి అది ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. ఒక పూటంతా ఊపిరి బిగబట్టి అతికించిన అక్షరం ఇప్పుడు సగమే మిగిలింది. తాళ్ళు బిగించి కడితే ఊగరు గానీ, తాడు రాసుకున్నచోట రంగు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముడి వేసేది నేనే కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

మీ వంశం గొప్పదే, కాదనను. మీ తాతలు గట్టి కాన్వాసు గుడ్డలు. వాటికి తారు పూసి ఓడల మీద సరుకు తడవకుండా కప్పేవారు. మీ పేరులో ముందున్న తారు అదే. సముద్రాన్ని ఆపిన వంశంలో పుట్టి, మీరు రెండు ఎండాకాలాలకే పెళుసెక్కి నీలి పొట్టు రాలుస్తున్నారు. ఆ పొట్టు ఇంజన్ మూత కింద, పంపు మీటల సందుల్లో, సీటు కుట్లలో, అన్నిచోట్లా దొరుకుతోంది. పైన పటారం, లోన లొటారం.

మీరు అద్దెకు పెట్టుకున్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. హోస్ పైపులు మడత పెట్టే తొట్టిలో ఎలుకలు కాపురం పెట్టాయి. నూలు హోసు వాటికి పరుపు, సీటులోని పీచు దిండు, వైర్ల తొడుగు చిరుతిండి. వెచ్చగా, చీకటిగా, పిల్లి దూరకుండా ఇంత మంచి ఇల్లు వాటికి ఇంకెక్కడ దొరుకుతుంది?

మిమ్మల్ని వదిలించుకోవడానికి మేం తిరగని చోటు లేదు. పాత వస్తువులు ప్రదర్శించే ఒక సంస్థకి వెళ్ళాం. చాలా ఆదరించారు. బండి ఫోటో ఇస్తే గోడకి తగిలిస్తామన్నారు. ఒక ఫైర్ స్టేషన్‌లో అడిగాం. కొత్త బండ్లకే చోటు చాలక ఒకటి బయట నిలబడి ఉంది, దానికి మాత్రం మీ జాతివారు ఎవరూ కప్పి లేరు. ఒక స్నేహితుడు ఇంటి గ్యారేజీ ఇస్తానన్నాడు. మాది 8 మీటర్ల బండి, వాడి గ్యారేజీ 5 మీటర్లు. "మిగతాది బయట ఉంటుందిలే" అన్నాడు. మూడు మీటర్ల ఫైరింజను వీధిలోకి పొడుచుకొస్తే ఇల్లు ఎప్పుడూ ఏదో మంట ఆర్పుతున్నట్టుండదూ? మాది నయం. 100 అడుగుల నిచ్చెన బండ్లు దాచుకునేవాళ్ళ బాధ తలుచుకుంటే నాకు కొంచెం ధైర్యం వస్తుంది.

పశువుల కొట్టం ఒకటి ఉచితంగా దొరికింది. పైకప్పు గట్టిది, తలుపు ఎత్తుగా ఉంది. దాదాపు ఒప్పేసుకున్నాం. అప్పుడు మాలో రసాయనాలు తెలిసినాయన అడ్డుపడ్డాడు. వెనకటికి భారతదేశంలో బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో తూటాలు దాచేదట. బయటికి తీసి చూస్తే వాటి ఇత్తడి తొడుగులు పగిలి ఉండేవి. కారణం 1921లో గానీ తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియా, దానికి తోడు తేమ. మా బండికి గంట ఇత్తడి, నాజిళ్ళు ఇత్తడి, పంపు మీద సగం అమరికలు ఇత్తడి. కొట్టంలో ఆవులు పన్నెండు. లెక్క వేసుకుని దణ్ణం పెట్టి వచ్చేశాం.

అదృష్టవంతులూ ఉన్నారు లెండి. అమెరికాలో జార్జ్ గెట్జ్ అనే ఆయనకి 1955 క్రిస్మస్‌కి భార్య 1924 నాటి అమెరికన్ లాఫ్రాన్స్ కంపెనీ ఫైరింజను కానుక ఇచ్చింది. ఆయన దాన్ని టార్పాలిన్ కింద పెట్టలేదు. ఇంకా పోగుచేశాడు, 1961లో మ్యూజియమే తెరిచాడు. హాల్ ఆఫ్ ఫ్లేమ్ అని దాని పేరు. విస్కాన్సిన్‌లో మొదలై, 1974 నుంచి అరిజోనా ఎడారిలోని ఫీనిక్స్‌లో ఉంది. ఇనుముకి ఎడారి గాలి స్వర్గం. మీలాంటివారికి అక్కడ పని దొరకడం కష్టం. నేను ఈ కథ ఇంట్లో చెప్పాను. "ఆవిడ ఒక్క బండే కదా ఇచ్చింది, మిగతావి ఆయన కొన్నాడు కదా, తప్పు ఎవరిది?" అని అడిగారు. సమాధానం తట్టలేదు.

ఆ దేశంలోనే 1958లో ఇలాంటి పిచ్చివాళ్ళందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు సొసైటీ ఫర్ ది ప్రిజర్వేషన్ అండ్ అప్రీసియేషన్ ఆఫ్ యాంటిక్ మోటార్ ఫైర్ అపారటస్ ఇన్ అమెరికా. ఆ పేరు దాచడానికే ఒక షెడ్డు కావాలి. అయినా వాళ్ళ మీద నాకు గౌరవమే. పెళ్ళికి ముందు విడిదిల్లు చూసుకోవాలని మాకు లేని బుద్ధి వాళ్ళలో కొందరికైనా ఉండి ఉంటుంది.

మా కమిటీ మీటింగుల గురించి మీకు తెలియదు, మీరెప్పుడూ రాలేదు కాబట్టి. బండి మీది ఇత్తడి గంటకి మళ్ళీ పాలిష్ చేయించాలంటే క్షణంలో చందాలు పడతాయి. పాత సైరన్ ఒకటి ఎక్కడో అమ్మకానికి ఉందంటే జేబులు వాటంతటవే తెరుచుకుంటాయి. "షెడ్డు" అన్న మాట రాగానే ఒకాయన టైము చూసుకుంటాడు, ఇంకొకాయనకి ఫోను వస్తుంది. మెరిసేదానికి ఇచ్చే డబ్బు పైకప్పుకి ఇవ్వరు. పైకప్పుతో ఫోటో దిగలేం కదా.

మాలో ఒకాయన ప్రతి ఆదివారం వచ్చి మిమ్మల్ని సగం ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు తిప్పి, సైరన్ ఒకసారి కూయించి, తృప్తిగా వెళ్ళిపోతాడు. "బండికి రక్తం ఆడాలి" అంటాడు. నిజానికి లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది. అంటే పైనుంచి మీరు, లోపలినుంచి ఆయన. నడిపితే రోడ్డెక్కి ఓ అరగంటైనా నడపాలి, లేకపోతే ముట్టుకోకూడదు. ఈ మాట ఆయనతో రెండుసార్లు అన్నాను. ఇప్పుడు నేను లేని ఆదివారాలు చూసుకుని వస్తున్నాడు.

బండి కోరేది పెద్దగా ఏమీ లేదు. గాలిలో తేమ 50 శాతం దరిదాపుల్లో ఉండాలి, అది ఎక్కువగా పెరిగి తగ్గకూడదు. 60 దాటితే ఇనుము తుప్పు పడుతుంది, మరీ తగ్గితే చెక్క నిచ్చెన చీలుతుంది. ఒకే బండి మీద ఇనుము పొడిగాలి కావాలంటుంది, చెక్క కాస్త తేమ కావాలంటుంది, ఉమ్మడి కుటుంబంలా. పంపు, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. చలి దేశాల్లో అయితే పంపులో మిగిలిన నీరు గడ్డకట్టి పోత ఇనుమునే పగలగొడుతుంది. బరువు టైర్ల మీద పడకుండా స్టాండ్ల మీద ఎత్తి పెట్టాలి, లేకపోతే నేల తగిలినచోట టైరు చదునైపోతుంది. పైన కప్పాలనుకుంటే గాలి ఆడే మెత్తటి నూలు గుడ్డ చాలు, అదీ ఇంటి లోపల. ఈ జాబితాలో మీ పేరు ఎంత వెతికినా కనబడలేదు, క్షమించాలి.

ఇంకో మాట. మీరు మండుతారు. ప్లాస్టిక్ కదా. జీవితమంతా మంటలార్పిన బండికి మండే దుప్పటి కప్పామని మొన్న మీటింగులో గుర్తుచేసి, షెడ్డు దొరికితే స్మోక్ అలారం పెట్టించాలన్నాను. "ఫైరింజనే ఉందిగా!" అన్నారు, అందరూ నవ్వారు. ట్యాంకులో చుక్క నీరు లేదు, బ్యాటరీ ఆ వారం మా ఇంట్లో ఛార్జింగులో ఉంది, హోసు ఎలుకల పడకగది. నవ్వినవాళ్ళలో ఇద్దరు పాతికేళ్ళు ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైరైనవాళ్ళు.

చివరికి చల్లటి కబురు. పాత గోదాము ఒకటి ఖాయమైంది. సిమెంటు నేల, ఇటుక గోడలు, చుట్టుపక్కల పశువుల్లేవు. తలుపు ఎత్తు 9 అడుగుల 2 అంగుళాలు. మా బండి 9 అడుగుల 4 అంగుళాలు. ఒకప్పుడైతే అక్కడే కూలబడేవాణ్ణి. ఇప్పుడు అనుభవం వచ్చింది. పైనున్న తిరిగే దీపం విప్పేస్తే మూడు అంగుళాలు తగ్గుతుంది, టైర్లలో గాలి కొంచెం తీస్తే ఇంకాస్త. వచ్చే ఆదివారం నెట్టుకుంటూ తీసుకెళ్తున్నాం. ఐదు నిమిషాల పెద్దమనిషికి కబురు పెట్టలేదు.

కాబట్టి మనకి ఆదివారంతో సరి అని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇది రాస్తుండగానే గోదాము యజమాని ఫోను చేశాడు. అంతా బాగుందట, పైకప్పు ఒక్కచోట కారుతుందట, సరిగ్గా బండి నిలబెట్టే మూలనే. రేకు మార్పిస్తాడట. ఎప్పుడంటే, త్వరలోనే. ఈలోగా రెండు రాత్రుల కోసం పైన ఏదో ఒకటి కప్పమన్నాడు.

తాళ్ళు మాత్రం కొత్తవి కొన్నాను. పాతవి మీకు బాగా అలవాటైపోయాయి.

ఇట్లు,
మీ ముడులు వేసేవాడు