మంచం కొడుక్కి, సోఫా తనకి

'ఎ బెటర్ లైఫ్' సినిమాలో వలస తండ్రి పాత్ర చేసిన మెక్సికో నటుడు దెమియాన్ బిచిర్ నటన గుండెను పిండేస్తుందని ఎక్కడో చదివాను, అక్షరాలా నిజం. 2011లో వచ్చిన ఆ సినిమా నేను రెండుసార్లు చూశాను. బిచిర్ చేసిన కార్లోస్, లాస్ ఏంజెలెస్‌లో వలస కాగితాలు లేకుండా తోటపని చేసుకునే మెక్సికో మనిషి. తోబుట్టువు దగ్గర అప్పు తీసుకుని ట్రక్కు కొంటాడు. తాటిచెట్టంత ఎత్తున్న పామ్ చెట్టు చిటారుకి ఎక్కి, ఒక్క క్షణం నగరం వైపు చూస్తాడు. అంతలోనే కింద ట్రక్కును దొంగ తోలుకుపోతాడు. దాన్ని చూసి కంగారుగా కిందికి దిగుతున్నప్పుడు ఆ ముఖం చూడాలి! పోలీసుల దగ్గరికి వెళ్తే పట్టుకునేది తననే.

ఇంట్లో ఒక్కటే పడకగది. అది కొడుక్కి ఇచ్చి తను సోఫా మీద పడుకుంటాడు. దాని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అక్కడే ఏడుపొచ్చింది. మా నాన్న పదకొండేళ్లు మస్కట్‌లో చేశారు. సెలవులకి వచ్చినప్పుడు మంచం మాకు వదిలేసి వరండాలో చాప వేసుకునేవారు. అక్కడ ఎలా ఉంటుందని అడిగితే "బాగానే ఉంటదిరా" అనేవారు, అంతే. బిచిర్ కూడా సినిమా అంతా అలాగే తక్కువ మాట్లాడతాడు. చివర్లో పట్టుబడి, నిర్బంధ కేంద్రంలో కొడుకు ముందు గొంతు వణికినప్పుడు, అన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారే బయటికొస్తుంది.

ఆస్కార్ రాలేదు, నామినేషన్‌తో సరిపెట్టారు. ఆ నామినేషన్‌ను ఆయన అమెరికాలో కాగితాల్లేకుండా బతుకుతున్న 1.1 కోట్ల మందికి అంకితమిచ్చారు. ఈ ఆదివారం నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూస్తాను.