కడప కొండల వానను విడిగా లెక్కగట్టాలి

కడప జిల్లాలో ఏడాదికి సగటున దాదాపు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఏ కరువు సమీక్షలోనైనా ముందు వినిపించే అంకె ఇదే. దానికి కాస్త అటూ ఇటూగా పడితే ఆ ఏడు 'సాధారణం' అయిపోతుంది. జిల్లా చుట్టూ ఉన్న పాలకొండలు, శేషాచలం, వెలిగొండలు, లంకమల, నల్లమలల్లో ఏం మారుతోందో మాత్రం ఆ అంకెలో కనబడదు. నా అభ్యంతరం అక్కడే.

కరువు మనకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువును సీమ ఇంకా మర్చిపోలేదు. పడమటి కనుమలు అడ్డం ఉండటంతో నైరుతి మన దాకా వచ్చేసరికి చాలావరకు తేమ పోగొట్టుకుంటుంది. ఈశాన్యమేమో బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల మీద ఆధారపడింది. కాబట్టి ఎండిన ప్రతి ఏడాదినీ వాతావరణ మార్పు ఖాతాలో వేయకూడదు. 2018లో సీమ ఎండింది, 2020, 2021లో వానలు ముంచెత్తాయి. వీటిని చూసి వాన తగ్గిపోతోందని గానీ, పెరుగుతోందని గానీ చెప్పలేం.

నిలకడగా పెరుగుతున్నది వేడి. 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో నివేదిక ఇచ్చింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. వాన లేని రోజుల్లో అదే గాలి నేలలోని పదునును తొందరగా లాగేస్తుంది. కురిసే రోజు వచ్చినప్పుడు కుండపోతగా దించేస్తుంది.

కొండ దగ్గర ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. వంద మిల్లీమీటర్ల వాన నెలలో ఐదారు తడవలుగా పడితే శెనక్కాయ పైరు నిలబడుతుంది. కొండ వాలు నీళ్లు తాగుతుంది, కింద బోర్లకు ఊట అందుతుంది. అదే వాన ఒక్క రాత్రిలో పడితే మట్టిని కోసుకుంటూ వంకల్లోకి దూకుతుంది. పాలకొండల్లో పుట్టే బుగ్గవంక 2001లోనూ, 2020 నవంబరులో నివర్ తుపానుకూ కడప వీధుల్లోకి వచ్చింది ఇలాగే. నెల లెక్కలో మాత్రం తడవలుగా పడినా, ఒక్క రాత్రిలో పడినా అది వంద మిల్లీమీటర్లే.

2021 నవంబరు 19 గుర్తు చేసుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఆ తెల్లవారుజామున వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. సముద్రం మీంచి వచ్చిన తేమ గాలులు మన కొండలకు తగిలి పైకి లేచాయి, వాన దిమ్మరించాయి. చెయ్యేరులో వచ్చిన వరదను అన్నమయ్య ప్రాజెక్టు గేట్లు వదల్లేకపోయాయి. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ఇళ్లూ మనుషులూ పోయారు. గేట్ల నిర్వహణలో లోపాలపై చర్చ జరిగింది, జరగాలి కూడా. కానీ పైన కొండల్లో ఏ గంటలో ఎంత వాన పడుతోందో కింద ఊళ్లకు ముందే తెలిసే ఏర్పాటు గురించి అందులో సగం కూడా మాట్లాడుకోలేదు.

'సాధారణం' అనే కొలబద్ద కూడా కదులుతూ ఉంటుంది. దేశ నైరుతి వర్షపాతం సాధారణ విలువ మొన్నటిదాకా 880.6 మిల్లీమీటర్లు. 2022లో వాతావరణ శాఖ దాన్ని 868.6కు మార్చింది. పాత లెక్క 1961-2010ది, కొత్తది 1971-2020ది. పద్ధతి ప్రకారం అది సరైనదే. ఉష్ణోగ్రతలోనూ అంతే. 1901 నుంచి చూస్తే 2024 దేశంలో అత్యంత వేడి సంవత్సరం. సగటు కన్నా 0.65 డిగ్రీలు ఎక్కువ అన్నారు. ఆ సగటు 1991-2020ది, అప్పటికే వేడెక్కిన కాలానిది. కొలబద్దే జరిగినప్పుడు తేడా చిన్నదిగా కనబడుతుంది.

పర్వతాల వాతావరణం అనగానే అందరూ హిమాలయాల మంచు గురించే మాట్లాడతారు. అక్కడ వేడి పెరిగితే మొక్కలు పైకి జరగడానికి వేల మీటర్ల ఎత్తుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే చల్లబడేది సుమారు ఆరున్నర డిగ్రీలు. మన కొండలు చాలావరకు వెయ్యి మీటర్ల లోపే. ఎర్రచందనం ఎండకు ఓర్చుకునే చెట్టే. కోనల్లో ఊటనీటి పక్కన బతికే చెట్లకు మాత్రం పైకి జరిగే చోటు లేదు.

చేయాల్సిన పనులు అసాధ్యమైనవేమీ కావు. వానమాపకాలు మండల కేంద్రాల్లో ఉంటే చాలదు. చెయ్యేరు, పాపాగ్ని, బుగ్గవంకలకు నీళ్లు దింపే కొండ వాలుల మీద గంట గంటకూ లెక్క పంపే యంత్రాలు పెట్టాలి. జిల్లా నివేదికలో మొత్తం వానతో పాటు ఎన్ని రోజులు పడింది, ఒక్క రోజులో అత్యధికంగా ఎంత పడింది అన్నది కూడా రాయాలి. అన్నమయ్య ప్రాజెక్టును మళ్లీ కట్టేటప్పుడు స్పిల్‌వే (వరద నీటిని కిందికి వదిలే దారి) ఎంత ఉండాలో పాత సగటును బట్టి కాకుండా, ఆ కొండల్లో ఒక్క రాత్రిలో పడగల వానను బట్టి నిర్ణయించాలి.