క్రాస్బీ బీచ్‌లో చివరి విగ్రహం దాకా నడవకండి

"ఒక్కరోజులో మెర్సీసైడ్" అనే మెసేజ్ మళ్ళీ వచ్చింది. లివర్‌పూల్, దాని చుట్టుపక్కల ప్రాంతాన్ని ఒక్కరోజులో ఎలా చూడాలో చెప్పే చిట్టా అది. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన పిల్లల గ్రూపుల్లో, వాళ్ళని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నల గ్రూపుల్లో, సెలవులు దగ్గరపడితే చాలు ఎవరో ఒకరు దీన్ని పంపుతారు. కింద "చాలా ఉపయోగకరం, అందరికీ షేర్ చేయండి" అని ఉంటుంది. పంపేముందు ఒక్కసారైనా పూర్తిగా చదువుతున్నారా? ఇందులో ఒక పాయింటు ప్రాణాల మీదికి తెచ్చేది. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

చిన్నవి ముందు చెప్పేస్తాను. "లివర్‌పూల్ యునెస్కో వారసత్వ నగరం" అన్నారు. రేవు ప్రాంతానికి 2004లో ఆ గుర్తింపు వచ్చింది, అక్కడ వస్తున్న కొత్త కట్టడాల వల్ల 2021లో పోయింది. "కావర్న్ క్లబ్‌లో బీటిల్స్ పాడిన అదే స్టేజీ" కూడా తప్పే. పాత క్లబ్బు 1973లో మూతపడింది. ఇప్పుడున్నది పాత ఇటుకలు కొన్ని వాడి 1984లో మళ్ళీ కట్టింది. అయినా వెళ్ళండి, పాటలు బాగుంటాయి. "సౌత్‌పోర్ట్ పియర్ చివరిదాకా నడవండి" అన్నదానికి వస్తే, సముద్రంలోకి కట్టిన ఆ నడక వంతెనని 2022 డిసెంబరులో భద్రత కోసం మూసేశారు. తెరిచారో లేదో కనుక్కోకుండా బయల్దేరకండి.

"లివర్‌పూల్‌వాళ్ళు దొంగబుద్ధులు, జేబులు జాగ్రత్త" అన్న ముక్క చదివితే ఒళ్ళు మండింది. 1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానుల్ని బలితీసుకుంది. వాళ్ళ తోటివాళ్ళే శవాల జేబులు కొట్టేశారని ది సన్ పత్రిక మొదటి పేజీలో అచ్చేసింది. అది పచ్చి అబద్ధమని 2012లో స్వతంత్ర ప్యానెల్ తేల్చింది. అభిమానుల తప్పేమీ లేదని 2016లో జ్యూరీ కూడా చెప్పింది. లివర్‌పూల్‌లో ఇప్పటికీ చాలా దుకాణాలు ఆ పత్రిక అమ్మవు. వాళ్ళని అంతగా ఏడిపించిన మాటనే మనం తెలుగులో రాసి, పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టి పంచుకుంటున్నాం. ఆ లైను తీసేయండి.

ఇక అసలు సంగతి, క్రాస్బీ బీచ్. లివర్‌పూల్‌కి దగ్గర్లో, ఇసుకలో ఇనుప విగ్రహాలు నిలబెట్టిన తీరం అది. మెసేజ్‌లో ఇలా ఉంది: "సాయంత్రం నాలుగింటికి క్రాస్బీ బీచ్‌కి వెళ్ళండి. అప్పటికి నీళ్ళు వెనక్కి పోయి ఉంటాయి. చివరి విగ్రహం దాకా నడిచి ఫొటో దిగండి. ఏ భయమూ లేదు."

ఏ రోజు సాయంత్రం నాలుగింటికి? పోటు రోజూ ఒకే వేళకి రాదు, ఏ రోజుకా రోజు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ రోజు నాలుగింటికి తడి ఇసుక కనిపించిన చోట, వారం తిరిగేసరికి అదే నాలుగింటికి మనిషి మునిగే నీళ్ళుంటాయి. చంద్రుడు మీ మెసేజ్ చూసి టైము పెట్టుకుంటాడా?

మనవాళ్ళు దీన్ని ఎందుకు నమ్ముతారో నాకు తెలుసు. మనం చూసి పెరిగిన సముద్రం వేరు. విశాఖలో ఆటుకీ పోటుకీ మధ్య తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. మెర్సీ నది సముద్రంలో కలిసే చోట, పెద్ద పోట్ల రోజుల్లో అది పది మీటర్ల దాకా ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడంత నీరు సుమారు ఆరు గంటల్లో వచ్చిపడుతుంది. పైగా క్రాస్బీ తీరం బల్లపరుపుగా ఉంటుంది. అలాంటి తీరంలో నీళ్ళు ఎదురుగానే రావాలని లేదు, పల్లంగా ఉన్న చోట్లు ముందు నిండుతాయి. మీరు సముద్రం వైపు చూస్తూ ఫొటో దిగుతుంటే, మీకూ ఒడ్డుకీ మధ్య నీరు చేరిపోవచ్చు.

నీళ్ళు లేనప్పుడైనా అడుగున ఉన్నదంతా గట్టి ఇసుక కాదు. దూరం వెళ్ళేకొద్దీ బురద తగులుతుంది. ఒక కాలు దిగబడితే, లాక్కోవడానికి రెండో కాలి మీద బరువు వేస్తారు, అదీ దిగబడుతుంది. అలా ఇరుక్కుంటే పెనుగులాడకండి. వెనక్కి వాలి బరువు పరచండి, 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. మీ కోసం ఇంకొకర్ని ఆ బురదలోకి రానివ్వకండి. ఒడ్డునున్న నడక బాటకి యాభై మీటర్లు దాటి వెళ్ళొద్దని అధికారులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆ హెచ్చరికని వదిలేసి "ఏ భయమూ లేదు" అని రాయడానికి చెయ్యెలా వచ్చింది?

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. ఆ విగ్రహాలు మనిషిని నిజంగానే లోపలికి లాగుతాయి. ఆంటొనీ గార్మ్‌లీ అనే శిల్పి తన ఒంటి అచ్చులతోనే పోతపోయించిన నూరు ఇనుప మనుషులు, ఒక్కొక్కటి 650 కిలోలు. 2005 నుంచీ మూడు కిలోమీటర్ల తీరం పొడుగునా, దాదాపు కిలోమీటరు లోపలిదాకా, అన్నీ సముద్రం వైపే చూస్తూ నిలబడి ఉన్నాయి. దూరంగా ఉన్నవాళ్ళు ఇప్పుడే నడిచి వెళ్ళినట్టుంటారు, వెనకే వెళ్ళాలనిపిస్తుంది. కానీ ఒడ్డుకి దగ్గరున్న బొమ్మని తాకి చూసినా చాలు. తుప్పు ఎర్రగా పొరలు కట్టి ఉంటుంది. నీళ్ళలో నానేవాటికి కాళ్ళ నిండా గరుకుగా నత్తగుల్లల్లాంటివి పట్టి ఉంటాయి. ఆ గుల్లలు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తే, నీళ్ళు మీకు కనీసం ఎక్కడిదాకా వస్తాయో తెలిసిపోతుంది. పోటు వచ్చే వేళ బాట మీదే నిలబడండి. దూరంగా ఉన్న బొమ్మల నడుము, భుజాలు, తల, ఒక్కొక్కటే మునిగిపోతాయి. ఆ శిల్పాన్ని చూడాల్సిన తీరు అది, దానికి బురదలో అడుగు పెట్టక్కర్లేదు.

వెస్ట్ కిర్బీ తీరం నుంచి, నీళ్ళు తీసినప్పుడు ఇసుక మీద నడిచి చేరే హిల్‌బ్రే దీవికి "ఎప్పుడైనా నడిచి వెళ్ళొచ్చు" అన్నదీ ఇలాంటి తప్పే. పోటు పూర్తిగా వచ్చి మూడు గంటలు గడిచాకే బయల్దేరాలి, మళ్ళీ పోటుకి మూడు గంటల ముందే దీవి వదలాలి. అది కుదరకపోతే, నీళ్ళు మళ్ళీ తీసేదాకా దీవి మీదే ఉండిపోవాలి.

"కారు అక్కర్లేదు, రైలు చాలు" అన్నది మాత్రం నిజం. లివర్‌పూల్ సెంట్రల్‌లో సౌత్‌పోర్ట్ రైలెక్కి బ్లండెల్‌శాండ్స్ అండ్ క్రాస్బీలో దిగితే, తీరం కాలినడకన వెళ్ళేంత దూరమే. రైలెక్కేముందు ఆ రోజు లివర్‌పూల్ పోటు వేళలు ఫోన్‌లో చూసుకోండి. గ్రూపులో ఆ పాత మెసేజ్ కనిపిస్తే దాని కిందే ఈ వేళలు పెట్టండి. పంపినవాళ్ళు పెద్దవాళ్ళే అయినా సరే, మొహమాటపడకుండా తీసేయమని అడగండి.